సముద్రపు బురదలో మంచు చరిత్ర

నూతిని త్రవ్వునప్పుడు రేగడయు, ఇసుకయు, గులకఱాళ్లును పొరలు పొరలుగా బయలుపడుట రైతు సోదరులెల్లరకును అనుభవమే. గులకఱాళ్లున్నచోట ఒకప్పుడు వడిగల నీరు పాఱినదనియు, మెత్తని ఒండ్రున్నచోట నీరు నిలిచినదనియు మనము చెప్పగలము. శాస్త్రజ్ఞులును ఇట్లే సముద్రపు అడుగునగల బురదను పరీక్షించి, పూర్వము దేశములకు దేశములనే కప్పియుండిన హిమరాశుల చరిత్రను తెలిసికొనుచున్నారు. ఆ విధమును ఈ నెల వివరింపదలచితిమి.

తీరమునకు దూరమున, లోతుసముద్రమున బురద మిక్కిలి మెల్లగా పేరుకొనును. అనేక స్థలములందు వేయి సంవత్సరములకు ఒకటి రెండంగుళములకు మించదు. ఓడనుండి పొడవైన ఇనుపగొట్టమును దింపి, బురదలో గ్రుచ్చి పైకి లాగినచో పొరలు వరుస తప్పక వచ్చును. అడుగుపొర పాతది, పైపొర క్రొత్తది.

ఇందు రెండు సాక్ష్యములు గలవు. మొదటిది ఱాయి. నడిసముద్రపు మెత్తని బురదలోనికి గులకఱాళ్లను గాలి మోసికొని రాజాలదు. నేలను ఒరసికొనుచు కదలు హిమరాశి ఱాళ్లను తనలో చేర్చుకొనును. తీరమున విఱిగి మంచుకొండలై తేలిపోవును. కరగినచోట ఱాళ్లను జారవిడుచును. ఉత్తర అట్లాంటిక్ సముద్రమునగల ఇట్టి పొరలను గూర్చి హార్ట్‌ముట్ హైన్‌రిఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1988లో ప్రకటించెను. సుమారు 60,000 సంవత్సరములకును 17,000 సంవత్సరములకును క్రిందటి నడిమి కాలమున ముఖ్యమైనవి ఆరు పొరలు గలవు. వానిలోని సున్నపుఱాతి రేణువులు చాలవఱకు కెనడాలోని హడ్సన్ జలసంధి ప్రాంతమునుండి వచ్చినవి. కావున అచ్చటి హిమరాశి మెల్లగా కరగుటయే కాక, పలుమారులు పెద్దయెత్తున విఱిగి సముద్రమున పడినదని తేలినది.

రెండవది గుల్ల. బురదలో ఇసుకరేణువంతటి జీవుల సున్నపు గుల్లలుండును. నీటిలోని ప్రాణవాయువునందు తేలికది, బరువుది అని రెండు రకములు ముఖ్యమైనవి. తేలికదానితో కూడిన నీరు సులభముగా ఆవిరియగును. అది మంచై నేలమీద నిలిచిపోయినచో, సముద్రమున బరువుదాని పాలు హెచ్చి గుల్లలలో చేరును. నీటి చల్లదనము వలనను ఈ పాలు కొంత మాఱును; కాని ముఖ్యకారణము మంచేయని నికొలస్ షాకెల్టన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1967లో వాదించెను. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట మంచు మిక్కిలి హెచ్చియున్నప్పుడు సముద్రమట్టము నేటికంటె 400 అడుగుల మేర తక్కువగా నుండెను.

దీనితో మనకేమి పని యని కొందఱడుగవచ్చును. సముద్రములన్నియు ఒకదానితో నొకటి కలిసియున్నవి. గ్రీన్లాండు మంచంతయు కరగినచో లోకమున సముద్రమట్టము సగటున 23 అడుగులు పెరుగును. అట్లగుటకు దీర్ఘకాలము పట్టును. కాని కృష్ణా గోదావరి డెల్టాల పల్లపు భూములలో మట్టము కొలది అంగుళములు పెరిగినను మురుగు పాఱుట మందగించును, ఉప్పునీరు ఎగదన్నును. మంచు ఎంత త్వరగా విఱుగగలదో ఆ బురదపొరలే చూపుచున్నవి. పాత పద్దులు చూచుకొనక ముందటి యేటికి అంచనా వేయు సంఘము లేదు గదా! తీరవాసులమైన మనకు ఈ పద్దులును అట్టివే.