డాక్టరు ముందు అన్నీ మరిచిపోతున్నాం

ప్రశ్న: మా అత్తమ్మ బీడీలు చేస్తది. ఆయాసమని జగిత్యాల దవాఖానకు తీస్కపోతే, డాక్టరు ముందట ఏదీ యాదికి రాదు. ఎట్ల చెప్పాలె?
– ఒక కోడలు, కోరుట్ల

జవాబు: అసలు బాధతోనే మొదలుపెట్టండమ్మా. ‘పానం మంచిగ లేదు’ అంటే డాక్టరుకు ఆధారం దొరకదు. ఆయాసం ఎప్పటినుంచి, ఏ పని చేస్తే పెరుగుతోంది, రాత్రి దగ్గుందా, ఇవి ముందే కాగితం మీద రాసుకోండి. ఎన్నేళ్లుగా బీడీలు చేస్తున్నారో అడగకపోయినా చెప్పండి. పొగాకు ధూళి ఊపిరితిత్తులకు చేటు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులూ నూలు దుమ్ము సంగతి చెప్పాల్సిందే. సెలవు తర్వాత పనికెక్కిన రోజే ఛాతీ పట్టేస్తుంటే, జబ్బును గుర్తించడానికి అది పెద్ద ఆనవాలు.

ఆర్‌ఎంపీ వేసిన సూదులు, ఇచ్చిన గోళీలు, నాటుమందులు దాచకండి. తిడతారేమోనని చాలామంది దాస్తారు. నాకు అన్నిటికన్నా భయం అదే. వాటిలో స్టెరాయిడ్ ఉంటే వైద్యమే మారిపోతుంది. ఖాళీ అట్టలైనా తీసుకెళ్లండి.

మీ ఇంటి మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే వాళ్ల ప్రశ్నలు ముందే అడిగి రాసుకోండి. వాళ్లకు పంపడానికి వైద్య రికార్డులు కావాలన్నా అడగండి; అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమాలు చెబుతున్నాయి; మొహమాటపడొద్దు.

లేచే ముందు, ఏ మందు ఎప్పుడు వేయాలో మీరే తిరిగి చెప్పండి. తప్పుంటే డాక్టరు అక్కడే సరిచేస్తారు.