ఊరిపేరు – పూర్వుల జాడ

ఐర్లండు చిన్న ద్వీపము. కాని ఆ ద్వీపవాసుల సంతతివారు నేడు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా మొదలగు దేశములందు కోట్లకొలదిగా నున్నారు. వారిలో పెక్కురు తమ పూర్వుల జన్మస్థానము నెఱుగగోరి డబ్లిను నగరమునకు వత్తురు. వచ్చునప్పుడు వారియొద్ద నుండున దేమి? ఒక యింటిపేరు, తాతమ్మ నోట విన్న యొక ఊరిపేరు. ఆ ఊరిపేరైనను సరిగా నుండదు. సముద్రము దాటి, నాలుగైదు తరములవారి నాలుకలపై నలిగి, అది రూపు మాఱిపోయి యుండును. అయినను వెదకువారికి ఇంటిపేరుకంటె ఊరిపేరే యెక్కువగా తోడ్పడును. మర్ఫీ, కెల్లీ, సలివన్ అను పేరులు గలవా రాదేశమున వేలకొలది కలరు. ఊరు తెలియనిదే వారిలో తమవా రెవ్వరో నిర్ణయించుట యసాధ్యము.

ఇంతమంది దేశము విడిచిపోవుటకు ముఖ్యకారణము 1845లో మొదలైన మహాక్షామము. ఐరిష్ పేదరైతులకు బంగాళాదుంపయే జీవనాధారము. ఒక తెగులు సోకి ఆ పంట నేలలోనే కుళ్లిపోయెను. 1852 నాటికి సుమారు పదిలక్షలమంది ఆకలిచేతను, జ్వరములచేతను మరణించిరి. ఇంచుమించుగా మఱి పదిలక్షలమంది ఓడ లెక్కిరి. ఆ సంవత్సరములలోనే ధాన్యమును, పశువులును ఆ దేశపు రేవులనుండి ఇంగ్లండునకు ఎగుమతి యగుచునే యుండెను. పావు ఎకరమునకు మించిన భూమి గలవానికి ప్రభుత్వ సహాయము లేదని 1847లో చట్టము చేసిరి. అంబలి కావలెనన్న భూమి విడువవలెను. భూమి కావలెనన్న పస్తుండవలెను. పెక్కురు భూమిని విడిచిరి.

అట్లు పోయినవారిలో చదువు నేర్చినవారు తక్కువ. తమ కథను తాము వ్రాసికొన్నవారు కారు. కావున దొరతనమువారు వారిని గూర్చి వ్రాసికొన్న లెక్కలే నేటికి ఆధారము. అవియు చాలవఱకు నశించినవి. 1922లో ఐర్లండున అంతర్యుద్ధము చెలరేగి, డబ్లినులోని ఫోర్ కోర్ట్స్ అను న్యాయస్థాన భవనములచుట్టు పోరు జరిగెను. దేశపు ప్రాచీనపత్రముల భాండాగార మాయావరణములోనే యుండెను. జూన్ 30వ తేదీన గొప్ప ప్రేలుడు సంభవించి, ఏడు శతాబ్దుల పత్రములు మంటలపాలయ్యెను. కాలిన కాగితపు తునకలు నగరమంతట రాలినవి. 1821 మొదలు 1851 వఱకు నాలుగుసారులు తీసిన జనాభా లెక్కల మూలపత్రములు స్వల్పభాగము దక్క తక్కినవన్నియు బూడిదయయ్యెను. వాని తరువాత తీసిన లెక్కలును మిగులలేదు. 1861, 1871 నాటి వానిని అధికారులే నాశనము చేయించిరి. 1881, 1891 నాటి వానిని మొదటి ప్రపంచయుద్ధకాలమున కాగితపుగుజ్జు చేసిరి. యుద్ధములో పోయినవానికి యుద్ధమును నిందింపవచ్చును. వీనికి మాత్ర మేమని చెప్పవలయును? మొత్తము దేశమునకు పూర్తిగా నిలిచినవి 1901, 1911 నాటి లెక్కలే.

పోయిన లెక్కలలో కొన్నితునకలు మాత్ర మొక విచిత్రమైన మార్గమున దక్కినవి. 70 ఏండ్లు నిండిన పేదలకు వారమునకు ఐదు షిల్లింగులవఱకు పింఛను 1909లో ఇయ్య నారంభించిరి. కాని ఆ దేశమున అందఱి జననములను నమోదు చేయుట 1864లో గాని మొదలు కాలేదు. వృద్ధులు తమ వయస్సును రుజువు చేయుట ఎట్లు? తమ తల్లిదండ్రుల పేరులు, తాము బాల్యమున నివసించిన ఊరిపేరు వ్రాసి యర్జీ పెట్టుకొనిరి. గుమాస్తాలు 1841, 1851 నాటి లెక్కలలో వెదకి, కనబడినదానిని ఆ యర్జీమీద వ్రాసిరి. మూలము కాలిపోయినను ఆ యర్జీలు మిగిలినవి.

ఇట్లు పత్రములు పోయినను నేల పోలేదు. నేలకు పెట్టిన పేరులును పోలేదు. ఐర్లండున భూవిభాగ మతిప్రాచీనమైనది. దేశములో 32 కౌంటీలు, కౌంటీలో బారొనీలు, వానిలో పారిష్‌లు, పారిష్‌లో టౌన్‌లాండులు. టౌన్‌లాండనగా పట్టణము కాదు. ఒక్కొక్కచోట అందొక యిల్లైనను నుండదు. ఒక వాగో, గట్టో, పాతకంచెయో ఎల్లగా గల కొలదిపాటి పొలములకు పెట్టిన పేరది. అట్టివి 60,000కు పైగా కలవు. పల్లెవానిని “నీదే యూరు?” అని యడిగినచో తన టౌన్‌లాండు పేరే చెప్పును. ఓడ యెక్కిపోయినవాడును అదే చెప్పెను. వినిన గుమాస్తాయో, పాదిరియో తన చెవికి తోచినట్లు వ్రాసికొనెను.

ఈ పేరులు పైకి ఇంగ్లీషువలె కనబడును; లోన ఇంగ్లీషు కాదు. ‘బాలీ’ యని మొదలగునవి వేలకొలది కలవు. అది నివాసస్థలమును దెలుపు ఐరిష్ మాట. బాలీమర్ఫీ యనగా మర్ఫీ వంశమువారి ఊరు. ‘నాక్’ అన కొండ, ‘డ్రమ్’ అన మిట్ట, ‘క్లాన్’ అన పచ్చికబయలు, ‘డెర్రీ’ యన ఓకుచెట్ల తోపు. చివర ‘మోర్’ ఉన్నచో పెద్దది, ‘బెగ్’ ఉన్నచో చిన్నది. కాని ఇంగ్లీషు అక్షరములలో ఇమిడ్చినప్పుడు రెండు వేఱుమాటలు ఒక్కటిగా కలిసిపోయిన సందర్భములు కలవు. ‘కిల్’ అన్నది కొన్నిచోట్ల చర్చిని దెలుపు మాట. కొన్నిచోట్ల అడవిని దెలుపు మాట. కిల్మోర్ అను ఊళ్లు ఆ దేశమున అనేకములు. వానిలో కొన్ని ‘పెద్దచర్చి’, కొన్ని ‘పెద్దఅడవి’. ఏది యేదో తెలియవలెనన్న ఆ పల్లెవారు ఐరిష్‌లో ఎట్లు పలికెడివారో తెలియవలయును.

ఆఫలీ కౌంటీలో మనీగాల్ అను నొక చిన్నఊరు కలదు. ఇంగ్లీషు వచ్చినవారికి ఆ పేరు వినగనే ధనము జ్ఞాపకము వచ్చును. ధనమునకును ఆ ఊరికిని సంబంధమేమియు లేదు. ‘మున్య’ యన పొద. ‘గాల్’ అన విదేశీయులు. ‘విదేశీయుల పొద’ యని దాని యర్థము. 1850లో ఆ యూరినుండి ఫాల్మత్ కియర్నీ యను చెప్పులుకుట్టువాని కుమారుడు, పందొమ్మిదేండ్ల యువకుడు, అమెరికాకు పోయి ఒహాయో రాష్ట్రమున స్థిరపడెను. అతని సంతతిలో తల్లివైపున పుట్టినవాడే అమెరికా అధ్యక్షుడైన బరాక్ ఒబామా. ఆ ప్రాంతపు చర్చి రిజిస్టర్లలో కియర్నీ కుటుంబమువారి పేరులు కనబడుటచే 2007లో ఈ సంబంధము వెల్లడియయ్యెను. 2011 మే నెలలో ఒబామా మనీగాలును దర్శించెను. కియర్నీ పోయిననాడు ఆ కౌంటీపేరు కింగ్స్ కౌంటీ. దేశము స్వతంత్రమైన కాలమున రాజుల పేరులు తొలగించి పాతపేరులు నిలిపిరి. కావున పాతపత్రములలో ఆఫలీకొఱకు వెదకువానికి ఆఫలీ దొరకదు.

ఈ పేరులన్నియు ఒకచోట చేరుటకు కారణము ధర్మము కాదు, పన్ను. పన్నులను సమముగా విధింపవలెనన్న భూమిని సరిగా కొలువవలెనని 1824లో ప్రభుత్వము సర్వే నారంభించెను. థామస్ కాల్బీ దాని కధిపతి. మైలునకు ఆరంగుళముల చొప్పున దేశమంతటి పటములు 1846 నాటికి ముగిసినవి. వేడికి సాగక, చలికి కుదియక యుండునట్లు ఇత్తడి, ఇనుములతో కాల్బీ కొలతకడ్డీలు చేయించెను. భారతదేశపు సర్వేకు అధిపతియైన జార్జి ఎవరెస్టు 1829లో ఐర్లండుకు పోయి వానిని చూచి, అట్టివానినే మనదేశమునకు తెప్పించెను. 1862లో విశాఖపట్టణమువద్ద ఆధారరేఖను కొలిచినది అట్టి కడ్డీలతోనే.

కొలుచుట సైనికులు చేసిరి. పేరులు నిర్ణయించుట వారివలన కాలేదు. ఆ పనికి 1830లో జాన్ ఓడొనొవన్ అను ఐరిష్ పండితుడు నియమింపబడెను. కిల్కెనీ కౌంటీలోని యొక రైతు బిడ్డ అతడు. ప్రాచీన గ్రంథములలోను, దస్తావేజులలోను ఒక్కొక్కపేరు ఎన్నివిధములుగా వ్రాయబడినదో ముందు చూచెడివాడు. పిమ్మట వానలో, బురదలో కాలినడకను ఆయాయూళ్లకు పోయి, ఐరిష్ మాటలాడు వృద్ధులచే ఆ పేరు పలికించుకొని వినెడివాడు. పలుకుబడి వినిననేకాని అర్థము వ్రాయుట కొప్పుకొనెడివాడు కాడు. పేరుల పుస్తకములలో నానారూపములను, ఐరిష్ రూపమును, పటముపై ముద్రింపవలసిన ఇంగ్లీషు రూపమును వ్రాసిరి. 1980లో బ్రయన్ ఫ్రీల్ రచించిన ‘ట్రాన్స్‌లేషన్స్’ నాటకము ఈ సర్వేను ఒక జాతి భాషకు తగిలిన దెబ్బగా చూపినది. నాటకమునందు అది సమంజసమే. పటముమీద ఐరిష్ రూపములు నిలువలేదు. కాని ఓడొనొవన్ వినిపెట్టకున్నచో వానిలో పెక్కింటి యర్థము నేడు చెప్పువారు లేకపోయెడివారు. క్షామమున చచ్చినవారిలోను, వలసపోయినవారిలోను ఐరిష్ మాటలాడువారు అధికముగ నుండిరి.

పటములు సిద్ధమైన పిమ్మట రిచర్డు గ్రిఫిత్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రతిపొలముయొక్కయు, ప్రతియింటియొక్కయు వెల కట్టించెను. గ్రిఫిత్ వెలకట్టు అని పేరొందిన ఆ లెక్కలు 1847 మొదలు 1864 వఱకు అచ్చుపడినవి. సుమారు పదిలక్షల పేరు లందు కలవు. పటముపై పొలము సంఖ్య, భూమి సాగుచేయువాని పేరు, అతనికి కౌలు కిచ్చినవాని పేరు, విస్తీర్ణము, వెల, వరుసగా నుండును. ‘ఆఫీసు’ అను మాట తఱచుగా కనబడును. అది కార్యాలయము కాదు, పశువులకొట్టము. ఒకేయూర ఇద్దఱు పాట్రిక్ ర్యాన్‌లున్నచో ఒకని పేరుప్రక్క తండ్రిపేరో, ‘ఎఱ్ఱవాడు’ అనియో చేర్చిరి. భార్యలపేరులు, బిడ్డలపేరులు లేవు. భర్త పోయి, తానే కౌలు మోయుచున్న స్త్రీకి మాత్రమే అందు చోటు.

దీనికి ముందటి లెక్క మఱొకటి కలదు. ప్రభుత్వపు చర్చికొఱకు, ఆ చర్చికి చేరని కాథలిక్కు రైతులవద్దనుండి కూడ దశమభాగపు పన్ను వసూలు చేసెడివారు. ఆ పన్నుకై 1823 నుండి 1837 వఱకు పారిష్‌వారీగా పుస్తకములు వ్రాసిరి. రైతులకా పన్ను విషమువలె నుండెను. దానికై నెత్తురు చిందినది. భూమిలేని కూలివాని పేరందు లేదు.

వెదకువారీ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూతురు. ఒక టౌన్‌లాండున మొదటి పుస్తకములో ఇరువది కుటుంబములుండును. గ్రిఫిత్ లెక్కలో ఆరుండును. ఆ పదునాలుగు ఏమైనవో ఏ పుస్తకమును చెప్పదు. కౌలుకమతపు వెల నాలుగు పౌనులకు మించనిచోట పేదలపన్నును కౌలుదారు కాక భూస్వామియే చెల్లింపవలెనని చట్ట ముండెను. చిన్నకౌలుదారుని వెళ్లగొట్టి, కప్పు పడద్రోయించినచో భూస్వామికి ఆ పన్ను తప్పును. కావున రెండులెక్కలనడుమ మాయమైన పేరులను లెక్కించుటయే కొన్ని యూళ్లకు క్షామచరిత్ర. తమ పూర్వుని పేరు గ్రిఫిత్ లెక్కలో కనబడలేదని నిరాశపడి మరలిపోవువారు కలరు. కనబడకుండుటయే యతనిగూర్చి యా పుస్తకము చెప్పు మాట.

గ్రిఫిత్ లెక్కను తరువాత అధికారులు ఎప్పటికప్పుడు దిద్దుచు వచ్చిరి. పాతపేరును కొట్టివేసి, క్రొత్తపేరును వేఱురంగు సిరాతో వ్రాసెడివారు. తండ్రిపేరు కొట్టివేసి కుమారునిపేరు వ్రాసిన సంవత్సరము తండ్రి మరణకాలమునకు దగ్గఱగా నుండును. కొన్నియెడల క్రొత్తపేరుండదు, ఇల్లు కూలినదని మాత్రముండును. ఉత్తరపు ఆరు కౌంటీల పుస్తకములు బెల్ఫాస్టులోను, తక్కినవి డబ్లినులోను కలవు.

నేడు వీనిలో పెక్కింటిని ఇంటనుండియే కంప్యూటరుపై చూడవచ్చును. 2022లో, అగ్నిప్రమాదమునకు నూఱేండ్లు నిండినప్పుడు, లోకమందలి ఇతరస్థలములలో నున్న ప్రతులను వెదకి కూర్చి, కాలిపోయిన భాండాగారమును డబ్లిను పండితులు కంప్యూటరుపై మరల నిర్మించిరి. ఐరిష్ ఊరిపేరుల కోశమొకటి ప్రభుత్వమువారిచే నడుపబడుచున్నది. అయినను తుదకు పయనము పొలమువద్దకే. గ్రిఫిత్ లెక్కలోని సంఖ్య పటముమీది సంఖ్య యగుటచే, ఆ పటమును చేతబట్టుకొని పూర్వుడు సాగుచేసిన గట్టుమీదికి సూటిగా పోవచ్చును. మేయో కౌంటీకి చెందిన అకిల్ ద్వీపమున స్లీవ్‌మోర్, అనగా పెద్దకొండ, యను కొండపాదమున సుమారు ఎనుబది రాతియిండ్ల మొండిగోడలు బారులుగా నిలిచియున్నవి. వానిలో ఎవ్వరును లేరు. గోడలక్రింద పూర్వము దుంపలు నాటిన బోదెలు గడ్డికప్పుకొని నేటికిని గీతలు గీతలుగా కనబడుచున్నవి.