తడిసిన కట్టె గుళికలు: పారవేయరాదు, పొయ్యిలో వేయరాదు

గుళికలు అనగానే రైతు సోదరులకు వరి మడిలో చల్లు పురుగుమందు గుళికలు జ్ఞప్తికి రావచ్చును. ఇక్కడ చెప్పబోవునవి అవి కావు. రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు, పత్తికట్టె, కందికట్టె, సరుగుడు రెమ్మలు మొదలగు వానిని పొడిచేసి యంత్రములో వత్తి తీసిన వంటచెరకు గుళికలు ఇవి. బజారులో వీనిని పెల్లెట్లు అందురు. మందము సాధారణముగా 6 నుండి 8 మిల్లీమీటర్లు ఉండును. చలి దేశములలో వీనితో ఇండ్లను వెచ్చగా ఉంచుకొందురు. మన వైపు ఫ్యాను అమర్చిన వంటపొయ్యిలలోను, హోటళ్లలోను, బాయిలర్లలోను వాడుచున్నారు.

ఈ గుళికలు నిలకడగా మండును, పొగ తక్కువ, తక్కువ చోటులో ఎక్కువ నిలువ చేయవచ్చును. వీనికి శత్రువు ఒక్కటే. అది నీరు.

తుపాను రాత్రి మీ వసారాలో పేర్చిన పది సంచులపై జల్లు కొట్టినదనుకొనండి. తెల్లవారిన తరువాత సాధారణముగా మూడు పనులలో ఏదో ఒకటి జరుగును. కొందరు అన్నిటిని ఎండబోసి తిరిగి పొయ్యిలో వేయుదురు. కొందరు మరల తడియునేమోనని లోపలి గదిలోనికి చేర్చి తలుపు మూయుదురు. కొందరు విసిగి, మొత్తమును పెంట మీద పారబోయుదురు. ఈ మూడును పొరపాట్లే. మొదటి దానివలన పొయ్యి చెడును, మూడవ దానివలన డబ్బు పోవును. రెండవ దానివలన ప్రాణమే పోవచ్చును.

కట్టె వేరు, గుళిక వేరు

తడిసిన కట్టెను ఎండబెట్టినచో మరల కట్టె అగును. తడిసిన గుళికను ఎండబెట్టినచో మరల గుళిక కాదు, పొట్టు అగును. ఈ భేదమును గ్రహించినచో మిగిలిన విషయమంతయు సులభముగా బోధపడును.

మంచి గుళికలలో జిగురు కలుపరు. కట్టెలో సహజముగా ఉండు లిగ్నిన్ అను పదార్థము యంత్రములోని వేడికి, ఒత్తిడికి మెత్తబడి, చల్లారిన పిమ్మట పొడిని గట్టిగా పట్టి ఉంచును. నీరు తగిలినప్పుడు లోపలి నార ఉబ్బి ఈ పట్టు విడిపోవును. సందేహమున్నచో ఒక గుళికను గ్లాసెడు నీటిలో వేసి చూడుడు. మొదట మునుగును, కొద్ది నిమిషములలోనే ఉబ్బి పొట్టుగా విచ్చిపోవును. దానిని ఎండబెట్టినంత మాత్రమున ఆ పట్టు తిరిగి రాదు.

ఇక వేడి ఎంత పోవునో లెక్క చూతము. 40 కిలోల సంచిలో 10 శాతము తేమ ఉన్నచో నీరు 4 కిలోలు, సరకు 36 కిలోలు. వానకు తడిసి సంచి 48 కిలోలు తూగినచో నీరు 12 కిలోలు, అనగా తేమ 25 శాతము. ఎక్కువైన 8 కిలోల నీటిని ఆవిరి చేయుటకు కిలోకు సుమారు 600 కిలోకేలరీల చొప్పున 4,800 కిలోకేలరీలు కావలెను. ఒక కిలో మంచి గుళికలు సుమారు 4,000 కిలోకేలరీల వేడి నిచ్చును. కావున నీటిని ఆవిరి చేయుటలో పోవునది కిలోంబావు గుళికల వేడి మాత్రమే.

నష్టము ఇంత స్వల్పమైనప్పుడు పొయ్యిలో వేసిన తప్పేమని అడుగవచ్చును. గుళికల మధ్య సందులుండును గనుకనే గాలి ఆడి, మంట శుభ్రముగా లేచును. పొడి అయిన సరకు సందులను మూసివేయును. గాలి ఆడక మంట చల్లబడి పొగలు క్రమ్మును, గొట్టములో మసి, తారు పేరుకొనును. పోయినది వేడి కాదు, రూపము. ఆ రూపమునకు తగినట్లు తయారైన పొయ్యికి ఇక ఆ సరకు పనికిరాదు.

మూడు భాగములుగా ఏరుట

వాన వెలసిన రోజుననే సంచులన్నిటిని విప్పి పరీక్షించవలెను. ఒక తడి సంచి ప్రక్కనున్న పొడి సంచిని కూడ చెరచును.

మొదటి రకము: పైపై సంచి మాత్రమే తడిసి, లోపలి గుళికలు నునుపుగా, మెరయుచు, విరిచినప్పుడు పుటుక్కున విరుగునవి. వీనిని పొడి సంచులలోనికి మార్చి ముందుగా వాడుకొనవలెను.

రెండవ రకము: ఆకారము నిలిచియే ఉన్నను మెరుపు తగ్గి, పైన సన్నని పగుళ్లు కనిపించునవి. వీనిని గచ్చుపైన గాని, పట్టా మీద గాని పలుచగా పరచి ఎండలో ఆరబెట్టి, జల్లెడపట్టవలెను. జల్లెడపై మిగిలిన గట్టి గుళికలను చేతితో కొద్దికొద్దిగా వేయు పొయ్యిలో మంచివానితో కలిపి వాడవచ్చును. మరపొయ్యిలలో వేయరాదు.

మూడవ రకము: ఉబ్బినవి, వ్రేళ్ల మధ్య నలిపిన పొడి అగునవి. వీనిని గుళికల పొయ్యిలో ఎంత మాత్రమును వేయరాదు. అంటుకొనుట లేదని కిరోసిను పోయు అలవాటు మిక్కిలి ప్రమాదకరము. ఎండిన పొడిని గుప్పిళ్లతో మంటపై చల్లుటయు అట్టిదే. ఆ ధూళి గాలిలోనే భగ్గున అంటుకొనును.

బూజు పట్టిన సరకును ఇంటిలో దులుపరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును. ఆరుబయట, ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకొని, దుమ్ము లేవకుండ కొద్దిగా నీరు చిలకరించి తీయవలెను. వేరుశనగ పొట్టుతో చేసిన గుళికలలో విషము పుట్టించు బూజు పెరుగవచ్చును గనుక దానిని పశువుల దాణాలో కలుపుట గాని, కొట్టములో పరచుట గాని కూడదు.

ప్రాణము మీదికి వచ్చు పొరపాటు

తడి ధాన్యము కుప్పలో చేయి పెట్టినప్పుడు వేడిగా తగులుట రైతులందరు ఎరిగినదే. తడి గుళికల కుప్పయు అట్లే లోలోపల కాగును. పెద్ద కుప్ప అయినచో ఆ వేడి రాజుకొను వరకు పోవచ్చును. కుప్పలో ఇనుప చువ్వను గ్రుచ్చి, పావుగంట ఉంచి, తీసి తాకి చూచినచో లోపలి వేడి తెలియును. వేడిగా ఉన్నచో తలుపులు, కిటికీలు తెరచి, సంచులను ఆరుబయటికి చేర్చి విడివిడిగా పరచవలెను. పొగ గాని, కమురు వాసన గాని వచ్చినచో లోనికి పోక 101కి ఫోను చేయవలెను.

ఇంతకన్న గొప్ప అపాయము కంటికి కనబడదు. పొడి గుళికలు సయితము మూసిన చోట నిలువ ఉన్నప్పుడు గాలిలోని ప్రాణవాయువును తగ్గించి, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును విడుచును. దానికి రంగు లేదు, వాసన లేదు. 2006లో స్వీడను దేశపు హెల్సింగ్‌బోర్గ్ రేవులో కట్టె గుళికలు తెచ్చిన ఓడలో, సరకు గది ప్రక్కనున్న మెట్లదారిలోనికి దిగిన నావికుడొకడు ఈ వాయువు వలన మరణించెను. 2002లో నెదర్లాండ్సులోని రోటర్‌డామ్ రేవులోను ఇట్లే ఒక మరణము జరిగెను.

మన ఇండ్లలోని నిలువ ఓడ సరకంత ఉండదు. అయినను పడకగదిలో గుళికల సంచులు పేర్చరాదు. మూసియున్న గిడ్డంగిలోనికి వెంటనే ప్రవేశించరాదు. తలుపులు బార్లా తెరచి గాలి బాగుగా ఆడిన పిమ్మట, బయట ఒకరిని ఉంచి, లోనికి పోవలెను. తడి గుళికలు మంట లేక రాజుచున్నప్పుడు ఈ వాయువు మరింత ఎక్కువగా పుట్టును. కావున చలికాలపు రాత్రులలో అట్టి పొయ్యిని గాని, నిప్పుల కుంపటిని గాని గదిలో పెట్టుకొని తలుపులు బిగించి నిద్రించరాదు. తలనొప్పి, కడుపులో త్రిప్పుట, కండ్లు తిరుగుట కనిపించినచో ఆ మనిషిని వెంటనే ఆరుబయటికి చేర్చి 108కి ఫోను చేయవలెను. పొగ లేదు గదా అని ఆలస్యము చేయరాదు.

పొడిని పారవేయక వాడుకొను విధము

బూజు పట్టని పొడిని పూర్తిగా ఎండబెట్టి, మన పెద్దలు వాడిన పొట్టు పొయ్యిలో వేయవచ్చును. పొయ్యి డబ్బా నడుమ ఒక గుండ్రని కర్రను నిలువుగా, అడుగు రంధ్రము గుండ మరియొక కర్రను అడ్డముగా పెట్టి, చుట్టును పొట్టును గట్టిగా కూరవలెను. తరువాత కర్రలను మెల్లగా త్రిప్పి తీసినచో గాలికి దారి ఏర్పడును. క్రింద అంటించినచో పొట్టు వేయకుండనే చాలసేపు మండును. స్నానమునకు నీళ్లు కాచుకొనుటకు ఇది చాల అనుకూలము. గుళికల పొయ్యికి పనికిరాని పొడి ఇక్కడ పనికివచ్చుటకు కారణము, గాలి దారిని మనమే ఏర్పరచుట. ఈ పొయ్యిని ఆరుబయట మాత్రమే వెలిగించవలెను.

శుభ్రమైన కట్టె పొడిని పశువుల కొట్టములో పలుచగా పరచినచో మూత్రమును బాగుగా పీల్చుకొనును. తరువాత దానిని పేడతో పొరలుపొరలుగా ఎరువు గుంటలో వేయవలెను. బూజు పట్టిన దానిని తిన్నగా గుంటలోనే వేయవచ్చును. రంపపు పొట్టులో నత్రజని మిక్కిలి స్వల్పము గనుక పేడ, మూత్రము చాలినంత చేర్చనిదే అది చివుకదు. తేమ ఆరకుండ చూచుచు, అప్పుడప్పుడు తిరుగవేయుచు, బాగుగా మాగిన పిమ్మటనే పొలమునకు తోలవలెను. పచ్చి పొడిని నేరుగా చేనిలో కలిపినచో సూక్ష్మజీవులు దానిని చివికించుటకై నేలలోని నత్రజనిని తాము తీసికొనును. పైరు పసుపు పచ్చబడును.

తడి సరకు మరపొయ్యిలో చేరినచో

గుళికలను తానే లోనికి నెట్టుకొను మరపొయ్యిలో తడి సరకు చేరినచో అది మరచుట్టల మధ్య ఉబ్బి, ఆరిన తరువాత బిగిసిపోవును. అప్పుడు మోటారును బలవంతముగా త్రిప్పినచో కాలిపోవును. పొయ్యి పూర్తిగా చల్లారిన పిమ్మట కరెంటు తీసివేసి, తొట్టిలోని సరకును తోడివేసి, బిగిసిన దానిని కర్రముక్కతో కొద్దికొద్దిగా రాల్చవలెను. నీరు పోసి కడుగరాదు.

ఇక ముందు

సంచులను నేలపై గాక అరఅడుగు ఎత్తున బల్లపైన, గోడకు ఒక అడుగు ఎడముగా పేర్చవలెను. చూరు నీరు, జల్లు తగులని చోటు చూడవలెను. పైన పట్టా కప్పవచ్చును గాని, ప్రక్కలు పూర్తిగా చుట్టివేసినచో లోపలి చెమ్మ బయటికి పోదు. ముందు తెచ్చిన సంచిని ముందు వాడవలెను. వానకాలమునకు ముందు సంవత్సరమునకు సరిపడ కొని దాచుట కంటె నెలకు సరిపడ తెచ్చుకొనుట మేలు. కొనునప్పుడు సంచిని కాటాపై పెట్టి, వ్రాసిన బరువుతో సరిచూచుకొనుడు. బరువు ఎక్కువగా ఉన్నచో లాభమని సంతోషింపక, నీరు కొనుచున్నామేమోనని సందేహింపవలెను.

గ్రామాధికారులు తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ధాన్యము, ఎరువులతోపాటు ఈ సంచులను కూడ ఎత్తైన చోటికి చేర్చుమని చెప్పవలెను. వాన వెలసిన మరునాడు మూసియున్న గిడ్డంగుల తలుపులు తెరపించి, గాలి ఆడిన తరువాతనే కూలీలను లోనికి పంపవలెను. తడిసిన సరకులో కొంత పొయ్యికి, కొంత గుంటకు దక్కును. మూసిన గదిలో పోయిన మనిషి మాత్రము తిరిగి దక్కడు.