సర్వర్ కొత్త చోటికి... పాత అడ్రస్ ఎక్కడెక్కడ?

ఇల్లు మారినప్పుడు సామాను ఒక్క రోజులో చేరిపోతుంది. బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో పాత చిరునామా మార్పించుకోవడానికే వారాలు పడుతుంది. సర్వర్లను కొత్త డేటా సెంటర్‌కు తరలించినా అంతే. ఐపీ అడ్రస్ మార్చడం నిమిషం పని. పాత అడ్రస్ ఎక్కడెక్కడ ఉందో వెతికి పట్టుకోవడమే అసలు నైపుణ్యం. నెట్‌వర్క్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాలు కోరుకునేవారు దీన్ని ఇప్పటినుంచే సాధన చేయాలి.

పని ఎలా ఉంటుంది?

పాత ఐపీ ఫైర్‌వాల్ నిబంధనల్లో, డేటాబేస్ కనెక్షన్ ఫైళ్లలో, బ్యాకప్ స్క్రిప్టుల్లో, మెయిల్‌కు సంబంధించిన ఎస్‌పీఎఫ్ రికార్డులో దాగి ఉండొచ్చు. వాటన్నిటి జాబితా ముందే రాసుకోవాలి.

డీఎన్‌ఎస్ సంగతీ ముఖ్యమే. రికార్డు టీటీఎల్ (పాత జవాబును గుర్తుంచుకునే గడువు) 86,400 సెకన్లు ఉంటే, ఐపీ మార్చాక కూడా కొందరు రోజంతా పాత సర్వర్‌కే వెళ్తుంటారు. అందుకే కనీసం ఒక రోజు ముందే దాన్ని 300 సెకన్లకు తగ్గిస్తారు.

ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి అదే సర్వర్ ఐపీ మార్చేస్తే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. ఉబుంటులో ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడితే, 120 సెకన్లలోపు మనం ఖాయం చేయకపోతే పాత సెట్టింగులు వాటంతటవే తిరిగొస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ తెగినా పనిచేసే ఐడ్రాక్, ఐలో వంటి కన్సోల్ దారి కూడా ముందే తెరిచి ఉంచుకోవాలి.

ఏం నేర్చుకోవాలి?

సబ్‌నెట్టింగ్, లినక్స్, డీఎన్‌ఎస్, ఫైర్‌వాల్... ఈ నాలుగింటిలో పునాది గట్టిగా ఉండాలి. /26 అంటే 64 అడ్రస్‌లు; వాటిలో సర్వర్లు, రూటర్ వంటి పరికరాలకు ఇవ్వగలిగేవి 62 అని లెక్క వెంటనే తట్టాలి. నెట్‌వర్కింగ్‌కు సీసీఎన్‌ఏ, లినక్స్‌కు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ మంచి సర్టిఫికేషన్లు.

ఇంట్లోనే ల్యాబ్

వర్చువల్‌బాక్స్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టండి. ఒకదానిలో వెబ్‌సైట్, రెండోదానిలో మైఎస్‌క్యూఎల్. డేటాబేస్ యూజర్‌కు వెబ్ మెషీన్ ఐపీ 192.168.56.10 నుంచి మాత్రమే అనుమతివ్వండి. తర్వాత వెబ్ మెషీన్ ఐపీని 192.168.56.50కి మార్చండి. పింగ్ వెళ్తుంది, సైట్ మాత్రం డేటాబేస్‌ను అందుకోలేదు. ఎందుకంటే ఆ యూజర్ ఖాతాలో ఇంకా పాత ఐపీనే ఉంది.

ఏం చెడింది, ఎలా కనిపెట్టారు, ఎలా సరిచేశారు, పని బెడిసికొడితే వెనక్కి వెళ్లే దారేమిటి... అన్నీ ఒక నోట్సులో రాసుకోండి. అనుభవం ఏముందని ఇంటర్వ్యూలో అడిగితే ఫ్రెషర్‌గా తడబడాల్సిన పని లేదు. మీ చేతులతో చెడగొట్టి, మీ చేతులతోనే బాగుచేసిన ఈ ఒక్క కథ చెప్పండి చాలు.