గుయ్యిమనే చప్పుడు గురించి అల్లుడికి

విరుదునగర్



మొన్న ఫోన్లో నువ్వు వినిపించిన గుయ్యిమనే చప్పుడు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నావు, మానిటర్ స్పీకర్లు కొన్నావు, కోవిల్‌పట్టిలో అవ్వను కూర్చోబెట్టి పాట పట్టావు. తీరా విందామంటే పాట వెనక కరెంటు మోత. ఫోన్లో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను. మన వైపు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుకున్న వాళ్ళలో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు తక్కువ. నువ్వు పట్టుబట్టి నేర్చుకున్నావు కాబట్టే ఈ ఉత్తరం తెలుగులో.

హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి ఒక వైరు తీసి, దాన్ని రెండుగా చీల్చి స్పీకర్లకు ఇచ్చానన్నావు. అది తీసెయ్. ఇంటర్‌ఫేస్ వెనక లైన్ అవుట్‌పుట్ అని ఎడమకొకటి, కుడికొకటి పెద్ద జాకులుంటాయి. ఒక్కో దాన్నుంచి ఒక్కో స్పీకరుకు విడిగా టీఆర్ఎస్ కేబుల్ వెళ్ళాలి. కొనేటప్పుడు పిన్ను చూడు. దాని మీద నల్ల గీతలు రెండుండాలి. ఒక్కటే ఉంటే అది గిటారుకు వాడే మామూలు వైరు. నీ స్పీకరుకు ఎక్స్ఎల్ఆర్ రంధ్రమే ఉంటే, ఒక కొస టీఆర్ఎస్, రెండో కొస మగ ఎక్స్ఎల్ఆర్ ఉన్న కేబుల్ అడుగు.

రెండు గీతలంటే లోపల మూడు దారులు. ఒక తీగలో పాట ఉన్నదున్నట్టు, రెండో తీగలో అదే పాట తలకిందులుగా పోతుంది. మూడోది చుట్టూ ఉండే తొడుగు. దారిలో ఫ్యాన్ రెగ్యులేటరూ చార్జరూ చల్లే రొద రెండు తీగల్లోకీ ఒకేలా ఎక్కుతుంది. స్పీకరు తలకిందుల పాటను తిరగేసి మొదటిదానికి కలిపేసరికి పాట రెట్టింపవుతుంది, రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. బ్యాలెన్స్‌డ్ అనే మాటకు అర్థం ఇంతే.

రొదను సాఫ్ట్‌వేర్‌లో కోసేద్దామని మాత్రం చూడకు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. అందుకే ఆ మోత 50 దగ్గర, 100 దగ్గర, ఆ పైన కూడా వినిపిస్తుంది. రేపు నువ్వు రాజకంబళం కులం వాళ్ళ దేవరాట్టం ఆట పట్టబోతున్నావు. ఆ ఆటకు వాయించే దేవదుందుభి డోలు అడుగు మోత కూడా కిందనే ఉంటుంది. కోతపెడితే దానికీ గాయమే.

కేబుల్ మార్చాక కూడా మోత ఉంటే లాప్‌టాప్ చార్జరు ఒకసారి పీకి చూడు. ఆగిందంటే ఎర్త్ రెండు దారుల్లో తిరుగుతోందని అర్థం. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, రెండు స్పీకర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చుకో. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

ఒక్క పని చచ్చినా చెయ్యకు. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి ఎర్త్ పిన్ను విరవకు, లోపలి తీగ కోయకు. నేను కోశాను. మైక్‌సెట్ కొత్తగా పెట్టిన రోజుల్లో ఒక గుడి కొడై తిరునాళ్ళకు ఆంప్లిఫయరు గుయ్యిమంటోందని ఎర్త్ కత్తిరించాను. మోత ఆగింది. పాడుతున్న కుర్రవాడు మైకు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే వెనక్కి పడ్డాడు. వాడు బతికాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇప్పటికీ ప్లగ్గు చేతిలోకి తీసుకుంటే ముందు ఎర్త్ పిన్నే చూస్తాను.

ఇక స్విచ్చులు వేసేటప్పుడు స్పీకర్లు అన్నిటికన్నా చివర, ఆపేటప్పుడు అన్నిటికన్నా ముందు. అవ్వ మైకుకు 48 వోల్టుల మీట నొక్కేముందు స్పీకరు శబ్దం సున్నా చెయ్యి. అవ్వ పాడుతున్నంతసేపూ స్పీకర్లు ఆపి ఉండాలి, నువ్వు హెడ్‌ఫోన్‌లోనే విను. స్పీకరు వెనక +4, −10 అని మీట ఉంటే, బ్యాలెన్స్‌డ్ లైన్ కాబట్టి +4 దగ్గర పెట్టు. రెంటికీ తేడా సుమారు 12 డెసిబెల్స్. తప్పు వైపు ఉంటే స్పీకరు చిన్న తిప్పుకే అరుస్తుంది.

గది మూలకు స్పీకర్లు నెట్టావని ఫోటోలో చూశాను. మూల, గోడ కింది స్వరాన్ని ఉబ్బిస్తాయి. వినడానికి బాగుంటుంది, కానీ అది అవ్వ గొంతు కాదు, గోడ గొంతు. గోడకు దూరం జరిపి, రెండు స్పీకర్లూ నీ తలా మూడు సమాన దూరాల్లో ఉండేలా, పైనున్న చిన్న స్పీకరు నీ చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టు. అప్పుడు అవ్వ పాట సరిగ్గా మధ్యలోంచి రావాలి. మధ్య ఖాళీగా ఉండి, గొంతు పల్చబడి ఇటూ అటూ చెదిరిపోతే ఒక కేబుల్లో తీగలు తారుమారయ్యాయని తెలుసుకో.

మానిటరు పాటను తియ్యగా వినిపించడానికి కాదురా, పట్టినదాంట్లో ఏముందో చెప్పడానికి. దీని మీద నాకు ఇంత పట్టింపు ఎందుకో చెబుతాను. మీ ఊరికి దగ్గర్లోనే ఎట్టయాపురం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసిన ఊరు. ఆ వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో అక్కడి నుంచే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చు వేయించారు. మైకు లేని మనిషి, ప్రతి గమకానికీ ఒక గుర్తు పెట్టి స్వరం వంపును కాగితం మీద నిలబెట్టారు. ఇడైసెవల్ ఊరి రచయిత కి. రాజనారాయణన్ గారి ఇంటి మాట కూడా తెలుగే. మన వాళ్ళు దక్షిణానికి వలస వచ్చిన కథను 1976లో ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రాశారు. కథ దక్కింది. కానీ మన అవ్వలు ళ, ణ ఎలా పలుకుతారో, పాట మధ్యలో ఊపిరి ఎక్కడ తీస్తారో ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అది ఇప్పుడు నీ లాప్‌టాప్‌లో ఉంది.

అవ్వకు 82 నిండాయి. ఆదివారం పొద్దున బస్సుకు నేనే వస్తాను, రెండు కేబుళ్ళు పట్టుకొస్తాను. అప్పటిదాకా ఆ రికార్డింగు మీద ఏ మార్పూ చెయ్యకు. పట్టింది పట్టినట్టే ఇంకో డిస్కులో కూడా దాచిపెట్టు.

నీ మామయ్య