తేలికబండి – పాత యింజను

నిరుటి వేసవి సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకఁడు తెనాలిలోని తన యింటికి మమ్ము పిలిచి, కొట్టములో గోనెపట్టల క్రింద నున్న చిన్న కారు నొకదానిని చూపెను. అది యాతని పెదనాన్నగారి సొత్తు. 1948వ సంవత్సరపు ఎం.జి. టి.సి. అను రెండు కుర్చీల తెఱపుబండి. యింజను నడచుచునే యున్నది గాని పొగ విస్తారముగా వచ్చుచున్నది. “మాస్టరుగారూ, ఈ పాతదానిని తీసివేసి క్రొత్త యింజను బిగింపుమని యందఱును చెప్పుచున్నారు. మీరేమందురు?” అని యాతఁ డడిగెను. ఆనాఁడు మేము చెప్పిన యుత్తరము సగమే. మిగిలిన సగము నీ యేఁడాదిలో నేర్చుకొంటిమి. దానినే యిచట పాఠముగా వ్రాయుచున్నాము. మేము భౌతికశాస్త్రము చెప్పువారమే గాని యంత్రకారులము కామని పాఠకులు మొదటనే యెఱుఁగుదురు గాక.

ఆక్సుఫర్డు నగరమందలి మోరిసు గరాజులు అను సంస్థ పేరులోని తొలి యక్షరములే ఎం.జి. టి.సి. అను రకమును 1945 మొదలు 1949 వఱకు అబింగ్డను పట్టణములో నిర్మించిరి. మొత్తము సుమారు పదివేల బండ్లు వెలువడెను. నేఁడు మన వీథులలో నదే గుర్తుతో తిరుగు కార్లు గుజరాతులోని హలోలు కర్మాగారమందు తయారగునవి. వానికిని దీనికిని పేరొక్కటే బంధుత్వము.

ఈ బండి బరువు 800 కిలోగ్రాములకు కొంచెము తక్కువ. యింజను శక్తి 54 అశ్వబలములు. అనఁగా నొక్కొక్క గుఱ్ఱము లాగవలసినది పదునైదు కిలోగ్రాములలోపే. అయితే తేలికదనపు లాభము వేగముతోనే తీరిపోదు. కదలుచున్న వస్తువు శక్తి దాని ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముచే గుణింపఁగా వచ్చునని తొమ్మిదవ తరగతివారు చదివియే యున్నారు. ఒకే వేగమున పోవుచున్న రెండు బండ్లలో నొకదాని బరువు రెండవదానిలో సగమైనచో, ఆఁపునపుడు దాని బ్రేకులలో పుట్టు వేఁడియు సగమే. టైర్లు తక్కువ యరుగును. మలుపులో బండి బయటికి లాగుకొనిపోవు బలమును తగ్గును. కావుననే చిన్న యింజనుగల యీ బండిని నడపువానికి పెద్ద బండివానికి లేని హుషారు కలుగుచుండును. మేమును కొంత యనుభవించితిమి, దాఁచుట యెందుకు?

ఇఁక యింజను. సిలిండర్లు నాలుగు, ఒక్కొక్కదాని వ్యాసము 66.5 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. ఈ యంకెలతో ఘనపరిమాణమును గట్టి చూడుఁడు. 1250 ఘన సెంటీమీటర్లు వచ్చును. సన్నని గొట్టము, పొడవైన నడక. ఇట్లేల చేసిరి? ఇందులకు కారణము యంత్రశాస్త్రము గాదు, పన్ను. ఆ కాలపు ఇంగ్లాండులో కార్లపై పన్ను అశ్వబలమును బట్టి విధించుచుండిరి. ఆ యశ్వబలమును యింజను నడపి కొలువక, సూత్రముచే లెక్కించుచుండిరి: సిలిండరు వ్యాసమును అంగుళములలో తీసికొని, వర్గముచేసి, సిలిండర్ల సంఖ్యచే గుణించి, రెండున్నరచే భాగింపవలెను. మన యింజనునకు వ్యాసము 2.618 అంగుళములు, లెక్కించినచో పదునొకండునకు లేశము తక్కువ వచ్చును. నిజముగా నిచ్చునది 54! సూత్రములో పిస్టను నడకకు తావే లేదు గనుక, నిర్మాతలు గొట్టమును సన్నముచేసి నడకను సాగఁదీసిరి. ఆ పన్నువిధానము 1940ల చివర తొలఁగినను దాని గుర్తు యినుములో మిగిలియున్నది. నిమిషమునకు 5200 చుట్లు తిరుగునపుడు పిస్టను సగటున సెకండునకు 15.6 మీటర్లు పరుగిడును. ఇంత పరుగును గంటలకొలఁది సాగించినచో గొట్టపు గోడ లరుగుట సహజము. పొగకు మూల మదియే: అరిగిన గోడకును పిస్టను రింగునకును నడుమనుండి నూనె పైకెక్కి కాలుచున్నది.

విప్పఁబోయిన మొదటిదినముననే యొక చిక్కు తగిలెను. ఇంగ్లీషు బండి గదా యని మేస్త్రీ విట్‌వర్తు స్పానర్లు తెచ్చెను. బోల్టు తలలకు చక్కగా సరిపోయెను. కాని పోయిన బోల్టునకు మాఱుగా విట్‌వర్తు బోల్టును త్రిప్పఁగా మర పట్టలేదు. కొలిచి చూడఁగా మర మిల్లీమీటర్లలో నున్నది! దీని కథ యిది: మొదటి యుద్ధకాలమున హాచ్‌కిస్ అను ఫ్రెంచివారి యాయుధసంస్థ కవెంట్రీలో కర్మాగారమును పెట్టెను. 1923లో మోరిసు దానిని కొనెను. యంత్రములన్నియు ఫ్రెంచి కొలతలవే యగుటచే మరలు మెట్రికులో కోసిరి. ఇంగ్లాండులోని పనివారి చేతి స్పానర్లు వ్యర్థము కాకుండునట్లు తలలను మాత్రము విట్‌వర్తు కొలతలో నుంచిరి. ఈ సంగతి తెలియక బలవంతముగా బిగించినచో యింజనులోని మర చెడును. మేస్త్రీ బలము చేయక ఆఁగుట మా యదృష్టము.

పెట్రోలు విషయము కొంత విపులముగా చెప్పవలసియున్నది. మన దేశమున సీసము కలిపిన పెట్రోలు 2000వ సంవత్సరమున నిలిచిపోయెను. సీసము వాల్వు కూర్చుండు పీఠములను కాపాడుచుండెడిది. అది లేనందున ఎడతెగని అధికవేగమున ఇనుపపీఠము లరుగును, మెల్లగా నడపువారికి భయము స్వల్పము. అంతకంటె గమనింపవలసినది ఇథనాలు. నేఁటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లవఱకు నది కలియుచున్నది. ఒక లీటరు ఇథనాలులోని వేఁడి పెట్రోలువేఁడిలో మూఁడింట రెండువంతులే. కాలుటకు కావలసిన గాలియు తక్కువ. కావున పాత కార్బురేటరులో నేమియు మార్చనిచో మిశ్రమము పలుచనై వాల్వులు కాఁగును. ఈ బండిలోని ఎస్.యు. కార్బురేటరు అడుగున నొక నట్టు కలదు. దానిని త్రిప్పి జెట్టును దించినచో, మొనదేలిన సూదిచుట్టు సందు పెరిగి పెట్రోలు హెచ్చుగా వచ్చును. ప్లగ్గు మొన తెల్లనైనచో పలుచన, మసిపట్టినచో చిక్కన, లేఁత గోధుమవన్నె యైనచో సరి. ఇథనాలు నీటిని పీల్చును. పాత రబ్బరు గొట్టములను ఉబ్బించి పగుల్చును. కాఁగిన యింజనుమీఁద పెట్రోలు కారుట యెంత ప్రమాదమో వేఱుగ చెప్పనక్కఱలేదు. గొట్టములన్నియు ముందుగా మార్పించితిమి. తొట్టిలో పెట్రోలు నెలలకొలఁది నిలువ యుంచుటయు మానిపించితిమి.

గొట్టములను చూచినవారము బ్రేకులను చూడకపోతిమి. ఇది మా తప్పు. కార్తికమాసమున నొక యాదివారము, ఆరాధన ముగిసిన పిదప, రేపల్లె వెళ్లి తిరిగి వచ్చుచుంటిమి. కాలువగట్టు దారిలో గేదెల మంద యడ్డము వచ్చెను. శిష్యుఁడు బ్రేకు త్రొక్కఁగా పెడలు నేలకు దిగిపోయెను, బండి యాగలేదు. ఆతఁడు తొట్రుపడక చేతిబ్రేకు లాగెను. అది ద్రవముతో గాక తీఁగెలతో వెనుకచక్రములను పట్టునది గాన బండి గేదెలకు రెండు బారల దూరమున నిలిచెను. పాస్కలు నియమమును మేము ఇరువదేండ్లుగా బోధించుచున్నాము: మూసిన ద్రవముపై నొత్తిడి యన్ని దిక్కులకును సమముగా ప్రసరించును. ఈ బండిలో నాలుగు చక్రములకును ద్రవమార్గ మొక్కటే. ఒకచోట చిల్లిపడెనా, నాలుగింటి బ్రేకును పోవును. నేఁటి కార్లలో మార్గములు రెండుగా విడఁదీసి యుందురు. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమవలన సిలిండరు లోపల త్రుప్పు గుంటలు పడి రబ్బరు కప్పును కోసివేసెను. మన డెల్టాగాలిలోను, బాపట్ల సూర్యలంక తీరపు టుప్పుగాలిలోను నీ కీడు మఱింత త్వరగా జరుగును. రెండేండ్ల కొకసారి యా ద్రవమును మార్చవలెను. ఆ యుదయముననే వెనుక టైరు లోపలితట్టున తడి కనఁబడెను. మంచునీ రనుకొని మేమే “పోదము” అంటిమి.

తక్కినవి చిన్న సంగతులు. ఈ బండి దేహపు రేకు బూడిదవృక్షపు కొయ్యచట్రముపై తొడిగియుండును గాన చెదలును తేమయు శత్రువులు. బ్యాటరీ ధనధ్రువమును దేహమునకు కలుపవలెను. నేఁటి కార్లకు భిన్నముగా. యింజను వెనుకభాగమున రబ్బరు సీలు లేదు, నూనెను వెనుకకు త్రిప్పు మరగాడి మాత్రమే కలదు. నిలిపినప్పుడెల్ల నాలుగు చుక్కలు కారుట దాని స్వభావము. క్రింద నొక పళ్లెము పెట్టుకొనుట మేలు.

క్రొత్త యింజను మాటకు వత్తము. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నమోదు నేర్పఱచెను. ఏఁబదియేండ్లు దాటిన బండి, చట్రమును దేహమును యింజనును గణనీయముగా మార్పఁబడక మూలరూపమున నున్నచో దానికి అర్హము. క్రొత్తగా నమోదగు బండ్ల సంఖ్యలో వి.ఏ. అను నక్షరము లుండును. రుసుము ఇరువదివేల రూపాయలు, గడువు పదియేండ్లు. ప్రదర్శనలకును, పురాతన వాహనముల యాత్రలకును, మరమ్మతునకును నడపవచ్చును గాని నిత్యము తిరుగరాదు. కావున యింజనును మార్చినచో నడపుట సులువగును. పెదనాన్నగారి బండి మాత్రము ఆ పట్టికలో చేరదు. శిష్యుఁడు మూఁడు రాత్రులు ఆలోచించి, పాత యింజనునకే గొట్టములు కోయించి పెద్ద పిస్టనులు వేయింప నిశ్చయించెను. ఖర్చు క్రొత్త యింజనుకంటె నెక్కువే. వాళ్ల యమ్మగారి కిది యింకను సమ్మతము కాలేదు.

పిస్టనులు ఇంగ్లాండునుండి రావలసియున్నవి. అంతవఱకు యింజను దిమ్మ కొట్టములోని బల్లపై నూనెగుడ్డ కప్పుకొని యున్నది. పదవ తరగతివారిలో చూడఁగోరువారు శనివారము మధ్యాహ్నము మాతో రావచ్చును, కొలతబద్ద తెచ్చుకొనుఁడు.