పరుగుకు ముందు కాఫీ తాగొచ్చా?

ప్రశ్న: అక్టోబరులో టొరంటో వాటర్‌ఫ్రంట్ మారథాన్‌లో పరిగెత్తబోతున్నాను. ముందు ఫిల్టర్ కాఫీ తాగొచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాంప్టన్

జవాబు: అలవాటుంటే తాగండి. మీకు దగ్గర్లోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలోనే టెర్రీ గ్రాహం, లారెన్స్ స్ప్రియెట్ దీన్ని పరీక్షించారు. 1995 నాటి వాళ్ల అధ్యయనంలో, శరీర బరువులో కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్ గంట ముందు తీసుకున్న రన్నర్లు ఎక్కువసేపు పరిగెత్తారు. 9కి పెంచితే ఆ లాభం కనిపించలేదు. (వాళ్లిచ్చింది గుళికలు లెండి, కాఫీ కాదు.) 70 కిలోల మనిషికి 210 చాలన్నమాట. హెల్త్ కెనడా పెద్దలకు చెప్పే రోజువారీ పరిమితి 400. డికాషన్ చిక్కదనం ఇంటికో తీరు, కప్పుల లెక్క నమ్మొద్దు. అసలు చిక్కు కడుపుతోనే. కాఫీ పేగుల్ని కదిలిస్తుంది, పాలు పడనివాళ్లకు మరీను. అందుకే లాంగ్ రన్ రోజుల్లో ముందే తాగి చూసుకోండి. గుండెదడ, బీపీ ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే.